మేడరాజు ఊరు

ఇంగ్లండు దేశపు పల్లెటూళ్ళకు చరిత్ర వ్రాయించుకొను అలవాటు కలదు. నేనా దేశమును చూచియెరుగను. చూచివచ్చినవారు చెప్పగా విన్నదియు, పుస్తకములలో చదివినదియు మాత్రమే నా యెరుక. హాంప్‌షైరు మండలములో సెల్బోర్న్ అను నొక చిన్న గ్రామము కలదట. ఆ యూరి చర్చిలో ఉపదేశకుడుగా నుండిన గిల్బర్టు వైటు అను నాతడు తన గ్రామమునకు ఋతువు తప్పక వచ్చిపోవు వానకోవెలలను, తన తోటలో తిరుగు తిమోతి యను తాబేటిని, శిథిలమైన పాత మఠమును గూర్చి మిత్రులకు లేఖలు వ్రాసి, వానిని 1789లో గ్రంథముగా కూర్చి ప్రకటించెను. ఫ్రాన్సులో సింహాసనము కదలిపోయిన యేడాది అది. అట్టి కాలమున ఈ పెద్దమనిషి తన తాబేలు నిద్రలేచిన తేదీని శ్రద్ధగా వ్రాసియుంచిన పుస్తకమును లోకమున కిచ్చెనని తలచినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును, వెంటనే అసూయయు కలుగును. ఏలయన, ఆయనకు పూర్వము ఏడువందల యేండ్లనాడే, అనగా 1086 నాటికే, విలియము రాజు తాను జయించిన దేశములోని మండలమండలమునకు మనుషులను పంపి, ఊరూర నాగళ్ళెన్ని, నీటిమరలెన్ని, పందులెన్ని యని లెక్క వ్రాయించియుండెను. 1538 మొదలుకొని అచ్చటి చర్చీలలో నామకరణములు, పెండ్లిండ్లు, ఖననములు చిట్టాకెక్కసాగినవి. తన యూరి చరిత్ర వ్రాయదలచిన ఆంగ్లేయుడు బీరువా తెరచి కూర్చుండిన చాలును.

మన పల్లెకు బీరువా లేదు. మెకంజీ దొర కరణములచేత వ్రాయించిన కైఫియత్తులను గ్రామవృత్తాంతములలో అధికభాగము కుంపిణీ యేలుబడిలోని జిల్లాలవి. నైజాము నేలలోని ఊళ్ళకు ఆ భాగ్యము పట్టినది తక్కువ. లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో తెలంగాణా శాసనములను అచ్చువేయించి పొలముగట్లమీది రాళ్ళచేత మాటాడించిరి. శ్యామాచరణ్ దూబే హైదరాబాదు చెంతనున్న శామీర్‌పేటను గూర్చి ఇంగ్లీషులో వ్రాసి 1955లో వెలువరించిన గ్రంథము దేశదేశముల పండితులు చదివినదే గాని, శామీర్‌పేటవారిలో చదివినవారెందరో! ఈ కొరతను తలపోయుచు, ఒక్క యూరినైనను సెల్బోర్న్ ఉపదేశకుని ఓపికలో పదవవంతుతో చూచిరావలెనని సంకల్పించి, జగిత్యాల దగ్గరి పొలాసను ఎన్నుకొంటిని. శాసనములలో దేశముగా వినబడి, పటములో పల్లెగా కనబడు ఊరది. నేరుగా పోవుటకు దారి యున్నను, తమ్ముని వరుసవాడొకడు సిరిసిల్లలో కాపురముండుటచే, వేములవాడ, కోరుట్లల మీదుగా చుట్టుదారి పట్టితిని.

సిరిసిల్ల కనబడుటకు ముందు వినబడును. తెల్లవారుజామున బస్సు దిగి సందులలో నడచుచుండగా ప్రతి గోడవెనుకనుండియు టకటకయను శబ్దము, ఒకదానితో నొకటి కలియక, ఒకదాని నొకటి విడువక, మానేటి యొడ్డుదాక వ్యాపించియుండెను. మరమగ్గమును ఇచ్చటివారు సాంచె యందురు. కొన్ని సాంచెలు గలవాడు ఆసామి. వానిపై కూలికి నేయువాడు కార్మికుడు. ఇంటిలో కూర్చుండి కండెలు చుట్టునది ఆతని యిల్లాలు. గుంటమగ్గమునందు కాలు, చేయి, కన్ను ఏకమై నేసిన పద్మశాలీల బిడ్డలు నేడు నాలుగైదు సాంచెల నడుమ నిలువుకాళ్ళపై తిరుగుచు, తెగిన పోగును అతుకుచు, నూలుదుమ్ము పీల్చుచు రాత్రి పగలుగా పనిచేయుదురు. మా తమ్ముని యింటి ప్రక్కనే యొక షెడ్డు. ఆ మోతలో నాకు నిద్రపట్టలేదని మరునాడు చెప్పగా అతడు నవ్వి, “మాకు ఉల్టా అన్నా. సాంచెలు ఆగితెనే మెలకువ వస్తది. ఆగినయంటె పని లేదని లెక్క” అనెను.

ఆ మాటలోని భయము ఊరకనే పుట్టినది కాదు. పని దొరకక భీవండికి, షోలాపురమునకు, సూరతునకు వలసపోయిన కుటుంబములెన్నో. అప్పుల బాధచే ప్రాణములు తీసికొన్న నేతగాండ్ర వార్తలతో ఈ యూరి పేరు పత్రికలకెక్కిన దినములును గలవు. 2017 మొదలు కొన్నేండ్లు ప్రభుత్వము బతుకమ్మ చీరలను ఇచ్చటనే నేయించెను. ప్రభుత్వపు ఆర్డరు వచ్చిన నెలలలో సాంచెలు ఆడును. రాని నెలలలో ఊరంతయు ఆకాశము వంక చూచు రైతువలె హైదరాబాదు వంక చూచును. చేతిపని యొక్క అభిమానము మాత్రము చావలేదు. అగ్గిపెట్టెలో ఇమిడెడి చీరను నేసి పేరుగాంచిన నల్ల పరంధాములు ఈ యూరివాడే. ఆయన కుమారుడు విజయ్ ఆ విద్యను నిలిపెను. అట్టి చీరను ఎవరును కట్టుకొనరుగదా యని నేను మొదట తేలికగా నంటిని. మా మరదలు నావంక చూచిన చూపుతో ఆ మాట నా నోటిలోనే అణగిపోయెను.

ఇచ్చట నొక విచిత్రమును చెప్పవలెను. మరమగ్గమును కల్పించి 1785లో మొదటి పేటెంటు పొందిన ఎడ్మండు కార్ట్‌రైటు సాలెవాడు కాడు, కమ్మరి కాడు. లెస్టర్‌షైరులోని గోడ్‌బీ మార్వుడు అను పల్లెటూరి చర్చి గురువు! ఒక ఇంగ్లీషు పల్లెలోని గురువు వానకోవెలలను లెక్కించుచుండగా మరియొక పల్లెలోని గురువు ఈ టకటకలకు బీజము వేయుచుండెను. తొలుత నష్టపడినది ఆ దేశపు చేనేతవారే. ఆ పిమ్మట మనవారు. ఇంగ్లీషు పల్లె యనిన పచ్చికబయలు, చర్చిగంట, ప్రశాంతత అని మాత్రమే తలచువారు ఒక్కరాత్రి సిరిసిల్లలో పడుకొని చూడవలెను.

వేములవాడలో నేను గడపినది ఒక పూట. రాజన్న సన్నిధిలో కోడెమొక్కు చెల్లించుకొనువారి వరుసలు, తడిబట్టలు, గంటలు, పుట్టువెంట్రుకలు తీయించుకొను ఎవరిదో పసిబిడ్డ యేడుపు – ఇవి తెలంగాణమున ఎరుగనివారు లేరు గనుక వర్ణింపను. కాని పదియవ శతాబ్దమున ఇచ్చట రాజ్యమేలిన చాళుక్య రెండవ అరికేసరి కొలువులోనే పంపకవి 941లో తన కన్నడ భారతమును ముగించెననియు, ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల చెంత బొమ్మలగుట్టమీద సంస్కృత కన్నడములతోబాటు తెలుగు కందపద్యములను గూడ చెక్కించెననియు తలచుకొనుచు గుడిమెట్లపై కొంతసేపు కూర్చుంటిని. కన్నడమునకు ఆదికవి, తెలుగునకు తొలినాటి కందము ఒక్క యింటి అన్నదమ్ములనుండి వచ్చుట సామాన్యమా? ఈ చుట్టుప్రక్కలనే హనుమాజీపేటలో 1931లో పుట్టి, సిరిసిల్ల బడిలో ఉర్దూ మాధ్యమమున చదివి, తెలుగునకు జ్ఞానపీఠము తెచ్చిన సి. నారాయణరెడ్డి జ్ఞప్తికి వచ్చెను. ఈ నేలకు ఒక్క భాషతో తృప్తి కలుగదు కాబోలు.

వేములవాడనుండి కోరుట్లకు పోవు బస్సు చందుర్తి, రుద్రంగి, కథలాపురములు దాటి పోవును. గుట్టలు, వరిమళ్ళు, పసుపుచేలు, మరల గుట్టలు. పల్లెలలో నన్నాకర్షించినవి ఇండ్లు. రంగురంగుల మేడలు, ఇనుపగేట్లు, పైన నీళ్ళట్యాంకులు. లోపల మాత్రము ముసలివారు, ఆడువారు, పసిబిడ్డలు. మగవారు దుబాయిలో, మస్కట్టులో, ఖతరులో. ఇంగ్లీషు పల్లెల యువకులు పట్టణపు మిల్లులకు తరలిపోయిరని చరిత్రకారులు వాపోయెదరు. మన కోరుట్ల యువకుడు సముద్రము దాటి ఎడారిలో ఇటుకలు మోసి, ఇచ్చట తాను పండుకొనని గదికి సున్నము వేయించును.

కోరుట్లలో నొక వీథి అరుగుమీద నలుగురైదుగురు స్త్రీలు ఒడిలో చాటలు పెట్టుకొని బీడీలు చేయుచుండిరి. తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు చిటికెడు పోసి, వ్రేళ్ళతో చుట్టి, దారము బిగించి, మూతి మడచుటకు వారికి పట్టిన కాలము నేను ఈ వాక్యము వ్రాయుటకు పట్టిన కాలముకంటె తక్కువ. అందులో పెద్దావిడ తల యెత్తకయే నన్నడిగినది:

“ఎవరింటికి వచ్చినవ్ బిడ్డా?”

“ఎవరింటికీ కాదవ్వా. ఊరు చూద్దామని వచ్చిన.”

“ఊరు చూసుటానికా!” అని ఆమె అప్పుడు తల యెత్తినది. “ఊర్ల ఉన్నోళ్ళు దేశాలు చూడ వోయిరి. నువ్వు ఊరు చూడ వచ్చినవ్. మంచిగనే ఉన్నది.”

ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మస్కట్టులో, చిన్నవాడు దుబాయిలో. రాత్రి ఫోనులో మనుమడు ఇద్దరికిని ముద్దులు పెట్టి పడుకొనునట. ఏజెంటుకు కట్టిన అప్పు తీరినదా యని నేనడుగలేదు. ఆమె చాటలోని ఆకుల రాశియే చెప్పుచుండెను. కోరుట్లలో నేను చూచిన పాతగుడులు, వినిన స్థలపురాణము ఈ అరుగుముందు వెలవెలబోయినవి గనుక వానిని గూర్చి వ్రాయక ముందుకు సాగుచున్నాను.

జగిత్యాల కోట నక్షత్రాకారమున నుండును. మన గుట్టకోటలవలె కొండను నమ్ముకొనక, చదునునేలపై కోణములు కోణములుగా ముందుకు పొడుచుకొనివచ్చిన బురుజులతో, చుట్టును కందకముతో, ఏ మూలనుండి వచ్చు శత్రువునైనను రెండువైపుల ఫిరంగులకు చిక్కునట్లు ఐరోపా పద్ధతిలో నిర్మింపబడినది. దీనిని 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించెననియు, జాక్, టాల్ అను నిద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు నిర్మించిరనియు, వారి పేర్లు కలిసియే జగిత్యాల యయ్యెననియు చెప్పుదురు. ఈ కథను నాకు ముగ్గురు చెప్పిరి, ముగ్గురును అదే గర్వముతో. నాకు మాత్రము ఇది నమ్మబుద్ధి కాదు. ఊరు పేరును రెండుగా విరిచి ఇద్దరు దొరలను పుట్టించినట్లున్నది. పొలవాస, అనగా నేటి పొలాస, ప్రభువైన జగ్గదేవుని పేరుమీదుగా ఈ యూరికి ఆ నామము వచ్చినదను రెండవ వాదము నాకు రుచించును; అది నిజమైనచో జిల్లాకేంద్రమైన ఈ పట్టణము నేను చూడబోవు చిన్న పల్లెకు బిడ్డయగును. 2016లో జిల్లాలు పెరిగినప్పుడు తల్లిని అడిగినవారెవరు?

కోటగోడమీద నిలిచి చూచినచో నలుదెసల పల్లెలు కనబడును. ఇంగ్లీషు పల్లెకు మేనరు భవనమెట్టిదో ఈ పల్లెలకు గడి యట్టిది. ఆ గడిలోని దొరకు వెట్టిచాకిరి చేసిన కూలీలు, పాలేర్లు 1978లో వేలాదిగ కదలివచ్చి ఈ జగిత్యాల వీథులు నింపినదానిని జైత్రయాత్ర యని నేటికిని పిలుతురు. ఆ యేడే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఇంగ్లీషువాడు తన పల్లెచరిత్రలో మేనరునకు ప్రత్యేకమొక అధ్యాయము కేటాయించును, దాని తలుపుల నగిషీలను గూర్చి వ్రాయును. గడిచరిత్ర వ్రాయువాడు తలుపుల ముందు నిలువబడినవారిని గూర్చి వ్రాయక తప్పదు.

మరునాటి యుదయమున పొలాసకు ఆటో మాటాడుకొంటిని. “కాలేజికా సారూ, గుడికా?” అని డ్రైవరు అడిగెను. ఊరికి అంటిని. “ఊర్లె ఏమున్నది సారూ?” అని అతడు నిజమైన ఆశ్చర్యముతో ననెను. పొలాసను గూర్చిన నా పరిశోధనకు ఇంతకంటె మంచి ఉపోద్ఘాతము దొరకదు.

ఊరు ఇతర పల్లెలవంటిదే. సిమెంటు రోడ్డు, కిరాణాదుకాణము, వేపచెట్టు క్రింద చీట్లపేకాట, ధాన్యము ఆరబోసిన కల్లము. పౌలస్త్యేశ్వరుని గుడి మాత్రము ఊరికంటె పెద్దవయసుది. పులస్త్య మహర్షి తపస్సు చేసి శివుని ప్రతిష్ఠించెననియు, అందువలననే పొలాస యనియు స్థలపురాణము. అనగా రావణుని తాతగారి ఊరన్నమాట. పొలమే వాసముగా గలది పొలవాస యని నా ఊహ; పండితులు అంగీకరింపకున్నను వరిమళ్ళు అంగీకరించును.

గుడి ముంగిట కూర్చున్న వృద్ధుడొకడు నేను రాళ్ళను తడవి చూచుట గమనించి, “లంకెబిందెల కోసమా?” అని యడిగెను. కాదు తాతా, రాజుల కోసమని చెప్పితిని. “మేడరాజు ఊరిది. మా మేడరాజు బిడ్డనే సమ్మక్క” అని యతడు, ప్రక్కయింటివారి అమ్మాయిని గూర్చి చెప్పినంత చనువుగా, కథ నందుకొనెను. వేటకు పోయిన మేడరాజునకు అడవిలో పులుల నడుమ ఆడుకొను పసిబిడ్డ దొరకుట. ఆ బిడ్డను పెంచి మేడారమేలు పగిడిద్దరాజున కిచ్చి పెండ్లిచేయుట. ఓరుగంటి రాజు పొలాసమీద పడగా మేడరాజు అల్లుని నీడకు చేరుట. కరువు వచ్చి కప్పము కట్టలేని కోయలమీదికి కాకతీయసేన పోవుట. సమ్మక్క వెన్నుపోటు తగిలి చిలుకలగుట్టపై మాయమై కుంకుమభరిణె యగుట. చెప్పునప్పుడు ఆ వృద్ధుని గొంతు రెండుమారులు పూడుకొనెను.

నాకు తెలిసిన చరిత్ర వేరు. హనుమకొండ వేయిస్తంభముల గుడిలో కాకతీయ రుద్రదేవుడు 1163లో వేయించి, అచింతేంద్రకవిచే రచింపించిన శాసనములో పొలవాసవారు శత్రువులు. రుద్రదేవుని తండ్రి రెండవ ప్రోలరాజు మంత్రకూటపు ప్రభువైన గుండనికి తల గొరిగించి రొమ్మున వరాహముద్ర వేయించెను. అనుమకొండను ముట్టడించిన జగ్గదేవుడు నిశ్చేష్టుడై పారిపోయెను. రుద్రదేవుడు మేడరాజు మదమణచి పొలవాస దేశమును కైకొనెను. అనగా మేడరాజు పండ్రెండవ శతాబ్దివాడు. మేడారపు కథలో పన్ను అడిగిన రాజు ప్రతాపరుద్రుడందురు. ఆయన రాజ్యము 1323లో ముగిసినది. నడుమ ఇంచుమించు నూటయేబది యేండ్ల యెడము. ఈ లెక్కను వృద్ధునకు విన్నవింపబోయి మానితిని. ఆయన లెక్క తప్పుకావచ్చును గాని పక్షము తప్పుకాదు. ఓడిన యూరు తన రాజును వదలిపెట్టలేదు. వేయిస్తంభముల గుడిలోని ఆ సంస్కృతశ్లోకములను చదువగలవారు తెలుగునాట వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. మేడరాజు బిడ్డకు రెండేండ్లకొకమారు మాఘపున్నమనాడు నిలువెత్తు బెల్లము తూచి, దానిని బంగారమని పిలిచి, నెత్తిన మోసికొనిపోవువారు లక్షలు. రుద్రదేవుడు ఈ సంగతి ముందుగా నెరిగియున్నచో శాసనముపై అంత వ్యయము చేసియుండడు.

సాయంకాలమున వ్యవసాయ పరిశోధనస్థానము పొలములవైపు నడచితిని. చిన్న చిన్న మళ్ళు, ప్రతి మడికి నంబరు పలక, ఒకదానిప్రక్క నొకటి పచ్చనివి, పసుపు తిరుగుచున్నవి. మోకాలిలోతు బురదలో నిలుచున్న ఒకాయన నాకు ఉల్లికోడును చూపెను. దోమవంటి చిన్న యీగ పెట్టిన గ్రుడ్డునుండి వచ్చిన పురుగు వరిపిలక మొదటిలో దూరగా, ఆ పిలక ఈనక, ఉల్లికాడవలె బోలుగా పైకి లేచును. చూచుటకు అందముగనే యుండును. గింజ మాత్రము లేదు. ఈ నేలలో సన్నబియ్యము పండింపదలచిన రైతునకు తరతరాలుగ ఇదియే పీడ. బాపట్లలో పుట్టి 1986లో వెలువడిన సాంబ మసూరి రుచికి రాణియైనను ఉల్లికోడునకు లొంగిపోవును. వరంగల్లులో పుట్టిన కావ్య యను రకము ఉల్లికోడును తట్టుకొనును. ఈ రెంటిని సంకరము చేసి పొలాసవారు జగిత్యాల సన్నాలు అను రకమును తీసిరి. పొలాస ప్రభ యను మరియొక రకమునకు ఈ యూరి పేరే పెట్టిరి.

నేను గట్టుమీద నిలిచి ఆ సంబంధమును గూర్చి ఆలోచించితిని. ఓరుగంటి పిల్లను తెచ్చి పొలాసలో పెండ్లిచేసి, పుట్టినదానికి జగ్గదేవుని పేరు పెట్టినట్లైనది. ఎనిమిదివందల యేండ్ల పగ యిట్లు తీరినదని బురదలో నున్నాయనతో చెప్పగా, ఆయన ఒక్క క్షణము ఆలోచించి, “పగ తీరుడు సంగతి తెల్వది సార్, దిగుబడి అయితె మంచిగనే వచ్చింది” అనెను.

తిరిగి వచ్చుచుండగా గుడివద్ద వృద్ధుడు కూర్చుండియే యున్నాడు. “రాసుకున్నవా?” అనెను. రాసికొంటినంటిని. “మేడరాజు ఓడిపోయిండని రాయకు” అనెను. నేను తల యూపితిని. ఇప్పుడీ వ్యాసములో మాట తప్పితిని గనుక పొలాసకు మరల పోయినప్పుడు ఆయనకు సంజాయిషీ చెప్పుకొనవలసియున్నది. ఆ రాత్రి జగిత్యాలలో స్నేహితుని యింట విస్తరిలో వడ్డించినది జగిత్యాల సన్నాల అన్నము. రెండవమారు కూడ పెట్టించుకొంటిని.